తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే దురద: ఫంగస్, ఈస్ట్ గురించి అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఎండలు ముదిరాక స్కిన్ ఓపీలో నాకు ఎక్కువగా వినపడే మాట ఒక్కటే: "తగ్గుతోంది డాక్టర్ గారూ, మళ్లీ వస్తోంది." తొడల మధ్య, రొమ్ముల కింద, లంగా బొందు కట్టే చోట, జననాంగాల దగ్గర ఎర్రటి దద్దు, మంట, దురద. చెప్పుకోవడానికి సిగ్గుపడి నెలల తరబడి చేతికందిన ట్యూబు రాసుకుని, ఇక ఓర్చుకోలేక వస్తారు. ఇలా తిరగబెట్టడం వెనక చాలాసార్లు మనం పట్టించుకోని కారణం ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే ఎంత ఖరీదైన మందైనా కొద్దిరోజులే.

అపోహ: దురదలన్నీ గజ్జి, తామరే. ఒకే ట్యూబు చాలు.

వాస్తవం: గజ్జి కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. రాత్రిళ్లు దురద ఎక్కువ, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి మొదలవుతుంది. తామర ఒక రకం ఫంగస్. గుండ్రంగా, అంచు ఎర్రగా, పొలుసుగా పాకుతుంది. ఈస్ట్ అంటే క్యాండిడా. చెమట నిలిచే మడతల్లో తడిగా, ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు చల్లినట్టు కనిపిస్తాయి. చంటిపిల్లలకు డైపర్ కింద వచ్చే ఎరుపులో కూడా ఇది ఉండొచ్చు. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు కారం ధూళి చెమటలో కలిసి పుట్టే మంట వీటిలో ఏదీ కాదు, దానికి ఫంగస్ మందు దండగ. అనుమానంగా ఉంటే కాస్త పొలుసు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే చాలావరకు తేలిపోతుంది.

అపోహ: రాసిన రోజే దురద పోయిందంటే అది మంచి మందు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే. అంత త్వరగా దురద పోయిందంటే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. అది ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, ఫంగస్ మాత్రం కింద హాయిగా పెరుగుతుంది. ఆపిన కొద్దిరోజులకే రెట్టింపుగా బయటపడుతుంది. నెలల తరబడి రాస్తే తొడల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. అయినా మెడికల్ షాపులో అడిగితే ఇస్తూనే ఉన్నారు. దీనికితోడు, టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకి లొంగని తామర ఇప్పుడు మన దేశంలో బాగా కనిపిస్తోంది. అందుకే పక్కింటివాళ్లకి పనిచేసిన మాత్ర మీకు పనిచేయకపోవచ్చు.

అపోహ: తెల్లబట్ట వేడి చేసి వస్తుంది, లేదా శుభ్రత లేక వస్తుంది.

వాస్తవం: కొంత తెల్లబట్ట సహజం. పెరుగు విరిగినట్టు గడ్డలుగా ఉండి దురద, మంట ఉంటే ఈస్ట్ అయి ఉండొచ్చు. చేపల వాసన వస్తే కారణం వేరు, మందూ వేరు. శుభ్రత పేరుతో లోపల సబ్బుతో, యాంటీసెప్టిక్ ద్రవంతో కడిగితే అక్కడ కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా పోయి సమస్య ముదురుతుంది. బయట మామూలు నీళ్లు చాలు. యాంటీబయాటిక్స్ వాడాక కూడా ఈస్ట్ చెలరేగుతుంది.

ఏడాదిలో మూడు, నాలుగు సార్లు వస్తుంటే ఒక్క మాత్రతో సరిపెట్టకూడదు. పరీక్ష చేసి, కొందరికి వారానికోసారి చొప్పున ఆరు నెలలు ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మాత్ర ఇస్తాం. గర్భిణులు మాత్రం ఈ మాత్ర సొంతంగా వేసుకోకూడదు.

అపోహ: భర్త దగ్గర్నుంచే అంటుకుంది.

వాస్తవం: క్యాండిడా చాలామంది ఒంట్లో మామూలుగానే ఉంటుంది. ఇది వచ్చిందని ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు. ఈ మాట పట్టుకుని కాపురాల్లో కలతలు పెట్టుకోకండి. ఆయనకి లక్షణాలు ఉంటేనే ఆయనకి మందు.

అపోహ: షుగర్‌కీ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: చాలా ఉంది. కొందరికి షుగర్ ఉన్నట్టు ఈ దురదతోనే బయటపడుతుంది, ముఖ్యంగా మగవాళ్లలో పురుషాంగం ముందు చర్మం ఎర్రబడి పగిలినప్పుడు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి, అక్కడ ఈస్ట్‌కి మేత దొరుకుతుంది. మాత్ర మీరే ఆపేయకండి, రాసిన డాక్టరుకి చెప్పండి. మూత్రం పోసిన ప్రతిసారీ కడుక్కుని ఆరబెట్టుకోండి.

గోంగూర, వంకాయ మానేస్తే ఫంగస్ పోదు. నిక్షేపంగా తినండి. మానాల్సింది తడిసిన మొలతాడు, బిగుతు జీన్సు, ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడటం. తామరైతే ఇంట్లో దురద ఉన్న అందరూ ఒకేసారి మందు వాడాలి. మచ్చ పోయిందని అప్పుడే ఆపకూడదు, డాక్టరు చెప్పినన్ని రోజులూ రాయాలి.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, రక్తం కనిపించడం ఉంటే ఆలస్యం చేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. సిగ్గుపడి ఒక్కటీ ఇంట్లో వదిలేయకండి.