మూడడుగులకే ఆగిన టమాటా

మిద్దె మీద కుండీలో వేసిన టమాటా మూడడుగులైనా రాకుండానే చిటారున పూలగుత్తి పెట్టి ఆగిపోయిందని, దిష్టి తగిలిందేమోనని ఒకావిడ అడిగారు. దిష్టీ కాదు, జబ్బూ కాదు. ఆవిడ కొన్న విత్తనం ఆగేలా పుట్టిందే. ఎలా ఆగుతుందన్నదే నాకు ఎంత చెప్పినా తనివి తీరని విషయం.

మన ఊళ్లలో శ్లాబు వేశాక స్తంభాల ఊచలు పైకి వదిలేస్తారు, రేపు డబ్బులొస్తే ఇంకో అంతస్తు లేపుకోవచ్చని. మామూలు టమాటా అలాంటి ఇల్లే. దాని కాండం చూడటానికి ఒకటే గానీ నిజానికి ఒకటి కాదు. మొదట 8 నుంచి 12 ఆకులు వేసి, కొన పూలగుత్తిగా మారిపోతుంది. ఆ కాండం పని అక్కడితో సరి. వెంటనే గుత్తి కింది ఆకు మొదట్లో ఉన్న మొగ్గ లేచి, గుత్తిని పక్కకు నెట్టి, 3 ఆకులు వేసి, తనూ గుత్తిగా ముగుస్తుంది. మళ్లీ దాని కింది మొగ్గ లేస్తుంది. ప్రతి అంతస్తుకీ కొత్త మేస్త్రి: మూడు గదులు, ఒక బాల్కనీ, పైకి ఊచలు.

పొట్టి రకాల్లో పైకి పోయేకొద్దీ గదులు తగ్గుతాయి. మూడు, రెండు, ఒకటి. ఆఖరికి గది లేకుండానే గుత్తి పక్కన గుత్తి. ఊచలు కోసేసి పిట్టగోడ కట్టేశారన్నమాట! 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో దానంతటదే పుట్టిన జన్యుమార్పు ఇది. పేరు 'సెల్ఫ్ ప్రూనింగ్'. ఆ జన్యువు ఏదో 1998లో తేలింది.

ఆకుల్లో తయారయ్యే ఎస్‌ఎఫ్‌టీ అనే ప్రోటీను ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసే ఫ్లోయం గొట్టాల గుండా కొనకు చేరి 'ఇక పూయి' అంటుంది. కొన దగ్గరే ఉండే ఎస్‌పీ, అంటే ఆ సెల్ఫ్ ప్రూనింగ్ జన్యువు చేసే ప్రోటీను, 'ఇంకో గది వెయ్యి' అంటుంది. రెండూ ఒకే కుటుంబానివి, కొనలోని అవే తోడు ప్రోటీన్లకు అతుక్కోవాలని పోటీ పడతాయి. ఎస్‌పీ చెడితే ఎస్‌ఎఫ్‌టీ మాటే చెల్లుతుంది. అయినా మొదటి పూత తొందరపడదు, తర్వాతి గుత్తులే దగ్గర దగ్గరగా వచ్చి కాపంతా ఒక్కసారి చేతికొస్తుంది. మొదటి పూతే ముందుకు జరగాలంటే ఎస్‌పీ5జీ అనే మరో జన్యువును కూడా ఆపాలి. జన్యువును కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో ఆ పని చేసి చూపించింది 2017లో.

అందుకే "పక్క మొగ్గలన్నీ గిల్లెయ్యండి" అని అందరికీ ఒకే పాఠం చెప్పడం నాకు నచ్చదు. పందిరెక్కే రకానికి అది సరే. పొట్టి రకానికి గిల్లితే కాయలే పోతాయి.

కాయ అడుగున నల్లమచ్చ వస్తే గుడ్డుపెంకుల పొడి వేస్తుంటారు. కాల్షియం చాలాసార్లు మట్టిలోనే ఉంటుంది, అది నీళ్లతోపాటే ఎక్కాలి. ఆకులు ఎండకు నీటిని గుంజేసుకుంటాయి, కాయ కొస వీధి చివరి కొళాయి లాంటిది. మధ్యాహ్నానికి కుండీ ఎండితే ముందు అక్కడే ఆగిపోతుంది. ఈ రకాలకు 10–15 లీటర్ల కుండీ, తడి ఆరకుండా చూసుకోవడం, అంతే.

పూత రాలడానికీ దిష్టినే తిడతారు. మండువేసవిలో పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 22 కంటే దిగకపోతే పుప్పొడి పాడవుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోస్తే చలికాలంలోనే కాపు ముగుస్తుంది.

ఈసారి మిద్దెక్కినప్పుడు ఆవిడ ఒక్క పని చెయ్యాలి: కింది గుత్తి నుంచి పైకి, గుత్తికీ గుత్తికీ మధ్య ఆకులు లెక్కపెట్టాలి.