కంపైలర్‌ని కంపైల్ చేసిందెవరు?

చిన్నూకి, బుజ్జికి ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ కలిసి నన్ను భలే ఇరుకున పెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని సోర్స్ కోడ్ నుంచి మనమే తయారు చేసుకోవచ్చా అని చిన్నూ అడిగాడు. ఓ, చేసుకోవచ్చు, కంపైలర్ ఉంటే చాలు అన్నాను. “ఆ కంపైలర్ ఎక్కణ్ణుంచి వచ్చింది తాతయ్యా?” అంది బుజ్జి. ఇంకో కంపైలర్ నుంచి అన్నాను. “మరి అదో?” అంది. అక్కడ నాకు నోరు పెగల్లేదు. ఫోన్‌లో చెప్పలేకపోయింది తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చిన్నూ ప్రశ్న. కంప్యూటర్‌లో నిజంగా నడిచేది అంకెల ముద్ద. అది ప్రాసెసర్‌కి తప్ప మనకి అర్థం కాదు. మనుషులు రాసేది, చదవగలిగేది సోర్స్ కోడ్. ఈ సోర్స్‌ని ఆ అంకెల ముద్దగా మార్చే ప్రోగ్రామే కంపైలర్. చదవగలిగే ఆ రూపాన్ని, మార్చుకుని మళ్లీ పంచుకునే హక్కుతో సహా అందరికీ ఇచ్చేస్తే ఓపెన్ సోర్స్. ఇప్పుడు అలా దొరికేదే లైనక్స్. అది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం, దాన్నే కెర్నల్ అంటారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991 సెప్టెంబర్‌లో బయటపెట్టిన లైనక్స్ 0.01లో ఉన్నవి సుమారు 10 వేల లైన్లు. ఓపికుంటే ఒక్కరే కూర్చుని చదివేయొచ్చు. ఇప్పుడు ఆ కెర్నల్ 3 కోట్ల లైన్లు దాటిపోయింది. మొత్తం చదివినవాళ్లు ఎవరూ ఉండరనే నా అనుమానం, టోర్వాల్డ్స్‌తో సహా.

మరి ఎవరూ పూర్తిగా చదవని దాన్ని ఎలా నడుపుతున్నారు? సర్దుకోవడంలోనే ఉంది కిటుకంతా. ఒక్కో రకం ప్రాసెసర్‌కి సంబంధించిన కోడ్ ‘ఆర్చ్’ ఫోల్డర్‌లో, మెమరీ సంగతులు ‘ఎమ్ఎమ్’లో, ఫైళ్లు దాచే పద్ధతులు ‘ఎఫ్ఎస్’లో ఉంటాయి. సగానికి పైగా కోడ్ ‘డ్రైవర్స్’ అనే ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటుంది. లోకంలో ఉన్న రకరకాల పరికరాలతో మాట్లాడాలి కదా మరి! ఏ ముక్కని ఎవరు చూసుకుంటారో రాసి పెట్టిన ‘మెయింటెయినర్స్’ అనే ఫైల్ కూడా అక్కడే ఉంటుంది. మీరు మాత్రం డ్రైవర్స్‌లోకి దూరకండి, దారి తప్పుతారు. ‘ఇనిట్’ అని చిన్న ఫోల్డర్ ఒకటుంది. అందులో మెయిన్ ఫైల్ తెరిచి ‘స్టార్ట్ కెర్నల్’ అనే ఫంక్షన్ చూడండి. యంత్రం నిద్రలేచి ఒక్కోదాన్నీ వరసగా ఎలా సిద్ధం చేసుకుంటుందో కనిపిస్తుంది. సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఇంకో మాట. కెర్నల్ ఒక్కటే ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. కమాండ్లు తీసుకునే షెల్, ప్రోగ్రాములన్నీ ఆధారపడే సి లైబ్రరీ (సి భాషలో రాసి పెట్టిన ఉమ్మడి కోడ్), ఇంకా బోలెడు చిన్నా పెద్దా పనిముట్లు కావాలి. లైనక్స్ లోకంలో ఇవి వేర్వేరు ప్రాజెక్టుల నుంచి వస్తాయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓపెన్ సోర్స్ సిస్టమ్ వాళ్లు కెర్నల్‌నీ, రోజువారీ పనిముట్లనీ ఒకే సోర్స్ చెట్టులో పెట్టుకుంటారు. అక్కడ ఆ పనిముట్లన్నీ ఒకేసారి తయారుచేసే ఆజ్ఞ పేరు ‘బిల్డ్‌వరల్డ్’. ఆ పేరంటే నాకు మహా ఇష్టం.

కంపైల్ చేసే ముందు ఏమేం కావాలో కెర్నల్‌కి చెప్పాలి. వేల ప్రశ్నలుంటాయి. చాలావాటికి మూడు రకాల జవాబు: ఉండాలి, వద్దు, మాడ్యూల్‌గా విడిగా ఉండి అవసరమైనప్పుడు లోపలికి రావాలి. నేను మొదటిసారి చేసినప్పుడు కెర్నల్ తేలిగ్గా ఉండాలని కనబడినదల్లా మాడ్యూల్‌గా పెట్టేశాను, డిస్క్ డ్రైవర్‌తో సహా. రాత్రంతా కంపైల్ అయింది. పొద్దున్నే లేచి ఆశగా రీస్టార్ట్ చేస్తే రూట్ ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే చోటు) దొరకలేదంటూ కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ చేతులెత్తేసి ఆగిపోయింది! అర్థమైందా? డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ ఉన్నదేమో డిస్క్ మీదే. పెట్టెకి తాళం వేసి తాళంచెవి ఆ పెట్టెలోనే పెట్టినట్టు చేశాను. దీనికి ఉపాయం ఉందని తర్వాత తెలిసింది. కెర్నల్‌తో పాటే మెమరీలోకి వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌లో ఆ డ్రైవర్‌ని ఉంచాలి.

సోర్స్ నుంచి కట్టే పనిలో ఇలాంటి మెలికలే అడుగడుగునా ఎదురవుతాయి. జిసిసి కంపైలర్ పూర్తిగా తయారవాలంటే సి లైబ్రరీ కావాలి. సి లైబ్రరీని కంపైల్ చేయాలంటే జిసిసి కావాలి. చెట్టు ముందా విత్తు ముందా! గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టిన ‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పుస్తకం ఈ ముడి విప్పే వరస చూపిస్తుంది. ముందు మీ దగ్గరున్న కంప్యూటర్ సాయంతో, లైబ్రరీతో పనిలేని అరకొర జిసిసి ఒకటి కట్టాలి. దాంతో సి లైబ్రరీ కట్టాలి. ఆ రెండింటితో కొన్ని తాత్కాలిక పనిముట్లు, మళ్లీ జిసిసి. అప్పుడు పాత సిస్టమ్ కంటికి కనబడకుండా కొత్త ఫోల్డర్‌లోకి మారిపోయి, అన్నిటినీ ఇంకోసారి కట్టాలి. ఒకే వస్తువుని ఇన్నిసార్లు కట్టడం విసుగే. కానీ పాతదాని మీద ఆధారం తెగాలంటే తప్పదు.

దేని తర్వాత ఏది కంపైల్ కావాలో గుర్తుపెట్టుకునే గుమాస్తా ‘మేక్’. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాశాడు. ఫైళ్ల తేదీలు పోల్చి చూసి, మారినవాటినీ వాటి మీద ఆధారపడినవాటినీ మాత్రమే మళ్లీ కంపైల్ చేయిస్తుంది. మేక్ ఫైల్‌లో ఆజ్ఞల లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేస్‌లు పెడితే ఊరుకోదు. అది పొరపాటని ఫెల్డ్‌మన్‌కి తొందరగానే తెలిసిందట. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారని, వాళ్లని ఇబ్బంది పెట్టడమెందుకని వదిలేశాడట. ఆ డజను మంది దగ్గర ఆయన పడ్డ మొహమాటానికి ఇప్పటికీ అందరం తిప్పలు పడుతున్నాం.

ఇక బుజ్జి ప్రశ్న. మొదటిది ఎక్కణ్ణుంచి? ఎప్పుడూ పక్కవాడి దగ్గర అప్పే! లైనక్స్ 0.01ని మినిక్స్ అనే వేరే సిస్టమ్ మీద కంపైల్ చేశారు. దానికంటే వెనక్కి, 1969లో కెన్ థాంప్సన్ పిడిపి-7 అనే చిన్న కంప్యూటర్ మీద యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు ఆ యంత్రంలో పనికొచ్చే పనిముట్లు లేవు. జిఇ-635 అనే పెద్ద యంత్రం మీద కోడ్‌ని సిద్ధం చేసి, కాగితపు టేపు మీద చిల్లులుగా తీసి, ఆ టేపుని మోసుకెళ్లి పిడిపి-7కి తినిపించేవాడు. కొన్నాళ్లకి కెర్నల్, ఎడిటర్, అసెంబ్లర్ (ప్రాసెసర్ ఆజ్ఞల్ని అంకెలుగా మార్చే ప్రోగ్రామ్) దాని మీదే నిలబడ్డాయి. ఆ తర్వాత టేపులతో పని తప్పింది.

అప్పు తెచ్చుకుంటే ఒక చిక్కుంది. ఇచ్చినవాడు మంచివాడేనా? ఈ సంగతి ఆ థాంప్సనే కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చెప్పాడు. అది 1984లో అచ్చయింది. లాగిన్ ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసేటప్పుడు అందులో దొంగదారి పెట్టే కంపైలర్‌ని ఊహించండి. తననే మళ్లీ కంపైల్ చేస్తుంటే ఆ బుద్ధిని కొత్త కంపైలర్‌లోకీ ఎక్కిస్తుంది. అప్పుడు సోర్స్‌లోంచి ఆ లైన్లు చెరిపేసినా దొంగదారి మాత్రం తరతరాలుగా నడుస్తూనే ఉంటుంది. సోర్స్ ఎన్నిసార్లు చదివినా దొరకదు.

ఇది ఉత్త బెదిరింపు అనుకోకండి. పద్ధతి వేరే అయినా 2024 మార్చిలో అలాంటిదే ఒకటి బయటపడింది. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లని కుదించే చిన్న ప్రాజెక్టులో, చాన్నాళ్లు సాయం చేసి నమ్మకం సంపాదించిన మనిషే దొంగకోడ్ దాచాడు. కోడ్‌ని టెస్ట్ ఫైళ్ల వేషంలో ఉంచాడు. దాన్ని నిద్రలేపే లైన్లు మాత్రం కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లో, అందరూ చూసే సోర్స్‌లో లేవు, విడుదల చేసిన కోడ్ మూటలోనే పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని చిరాకుపడి తవ్వితే దొరికింది. అర సెకను!

అందుకే రెండు పనులు చేస్తున్నారు. ఒకటి, ఒకే సోర్స్‌ని ఎవరు ఎక్కడ కంపైల్ చేసినా ప్రతి బిట్టూ ఒకేలా రావాలని లైనక్స్‌తో పూర్తి సిస్టమ్ తయారుచేసి ఇచ్చే డెబియన్ లాంటి ప్రాజెక్టులు కష్టపడుతున్నాయి. కంపైల్ చేసిన టైమ్ ఫైల్‌లోకి దూరినా తేడా వచ్చేస్తుంది, తేలిక పని కాదు. రెండోది బుజ్జి కోసం దాచిపెట్టాను. 2023లో గీక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు 357 బైట్ల ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా జిసిసి దాకా సోర్స్ నుంచే కట్టి చూపించారు. 357 బైట్లంటే చేత్తో ఒక్కో బైటూ సరిచూసుకోవచ్చు. ఆ పని నడవడానికి కింద కెర్నల్ మాత్రం ఇంకా అరువుదే అనుకో. అయినా నువ్వడిగిన ప్రశ్న పట్టుకునే వాళ్లు అంత దూరం వెళ్లారు.

సెలవుల్లో మొదలుపెడితే క్యూఈఎమ్‌యూ వర్చువల్ మెషీన్‌లోనే (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) బూట్ చేయండి, అమ్మ ల్యాప్‌టాప్ జోలికి వెళ్లొద్దు. చిన్నూ, ఒకేసారి ఎన్ని పనులు నడపాలో మేక్‌కి చెప్పే అంకె అత్యాశకి పోయి పెంచకు, మెమరీ చాలక మధ్యలో ఆగిపోతుంది. ఎర్రర్ వస్తే స్క్రీన్ మీద చివరి లైను ఫోటో తీసి పంపకండి. పైకి జరుపుకుంటూ వెళ్లి, మొదట వచ్చిన ఎర్రర్ లైను కాపీ చేసి పంపండి. రాత్రి పదింటి దాకా మెలకువగానే ఉంటాను.

మీ తాతయ్య