పులుల దారి, పోడు చేను: జీవో 49 వెనుక ఉన్న పాత లెక్క

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1.49 లక్షల హెక్టార్లను కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే ప్రాంతంగా ప్రకటిస్తూ 2025 మే 30న హైదరాబాద్‌లో వెలువడిన జీవో 49ను ప్రభుత్వం జూలై 21న నిలుపుదల చేసింది. నిలుపుదలే తప్ప రద్దు కాకపోవడంతో పోడు రైతుల అనుమానం తీరలేదు. మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యం నుంచి మన కవ్వాల్ అభయారణ్యానికి పులులు వచ్చే దారిని కాపాడటమే ఉద్దేశమని, ఎవరినీ ఖాళీ చేయించబోమని అటవీ శాఖ చెబుతోంది.

అడవిపై హక్కు కోసం కుమురం భీం పోరాడిన జోడేఘాట్ చరిత్ర అందరికీ తెలిసిందే. నేటి తగాదాకు మూలం అక్కడ కన్నా 1992 తర్వాత అటవీ శాఖ ఊరూరా వేసిన కమిటీలైన వన సంరక్షణ సమితుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అడవి ఆదాయంలో వాటా వస్తుందన్న ఆశతో చాలా చోట్ల గిరిజనులు పోడు వదులుకోగా, ఆ నేలలో నీలగిరి వంటి తోటలు లేచాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చి, ఊరి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే ఉమ్మడి హక్కును గుర్తించి, ఆ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అధికారులు ఆ సామూహిక పట్టాలను చాలావరకు ఈ సమితుల పేరిటే రాసిచ్చారు. ఇది చట్టవిరుద్ధమని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ అభ్యంతరం చెప్పినా, అప్పటికే గ్రామసభ చేతికి రావాల్సింది అటవీ శాఖ కనుసన్నల్లో నడిచే కమిటీ చేతిలో పడింది.

ఇక గిరిజనుడికి మిగిలింది వ్యక్తిగత పట్టా ఒక్కటే. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నట్టు రుజువు కావాలి, నాలుగు హెక్టార్లకు మించకూడదు. 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో సుమారు 4.06 లక్షల ఎకరాలకు పట్టాలిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కాగితం వచ్చింది గానీ సేద్యం మారింది. జొన్న, కంది, కొర్ర కలిపి చల్లి, ఇప్పచెట్టును చేను మధ్యే ఉంచుకునే పాత పోడు స్థానంలో, మొద్దులు పెకలించి ట్రాక్టరుతో దున్నిన పత్తి చేలు వచ్చాయి. వాలు నేలలో పత్తి సాళ్ల మధ్య మట్టి తొలి వానలకే కొట్టుకుపోతుంది. దాన్ని ఆపే కట్టలు, చెట్ల వరసలు ఊరంతా కలిసి వేసుకోవలసినవి. ఆ ఉమ్మడి అధికారమే ఊరికి దక్కలేదు. పోడు పట్టా భూములకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో మొదలైంది, అదీ ఊరి లెక్కన కాక ఒక్కో రైతు లెక్కనే సాగుతోంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఎ సెక్షన్ ప్రకారం, స్థానికులతో సంప్రదించాకే రిజర్వు ప్రకటించాలి. జీవో 49పై ప్రధాన అభ్యంతరం కూడా గ్రామసభలను అడగలేదనే. ఉత్తర్వును మళ్లీ తెరిస్తే అటవీ శాఖ ప్రధాన కార్యాలయం అరణ్య భవన్ ముందుగా తేల్చవలసింది, ఆ ‘స్థానికులు’ అంటే గ్రామసభలా, సమితులా అన్నదే.