ఆరినట్టే కనిపించే తడి

పోయిన ఎండాకాలం కారు బ్యాటరీ ట్రేలో కాస్త తడి కనిపిస్తే, నీళ్లే అనుకుని పాత బనీను గుడ్డతో తుడిచి పిట్టగోడ మీద పడేశాను. అదృష్టవశాత్తూ చేతికి రబ్బరు గ్లవుజు ఉంది. రెండు రోజుల తర్వాత చూస్తే, తుడిచిన మేరంతా గోధుమరంగుకు తిరిగి, పుల్లతో కదిపితే చాలు పొడిపొడిగా రాలిపోయింది. తడిగా ఉన్నప్పుడు ఏమీ కాని గుడ్డ ఆరాక ఎందుకు చీకిపోయింది?

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. పూర్తిగా చార్జయి ఉంటే బరువులో మూడో వంతుకు కాస్త పైగా యాసిడ్, మిగతాది నీరు. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ ఎక్కడికీ పోదు. కారిన చుక్క ఆరేకొద్దీ చిక్కబడుతుంది. బానెట్ కింద వేడికి ఇంకా త్వరగా. అలా చిక్కబడిన యాసిడే నూలుపోగుల్ని తెంచేసింది. కంటికీ చర్మానికీ కూడా దాన్నుంచి ప్రమాదమే. నిన్న కారింది, ఇవాళ ఆరిపోయిందిలే అని చెయ్యి పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

తుడిస్తే పోదు కాబట్టి విరుగుడు వెయ్యాలి. అది వంటింట్లోనే ఉంది: వంటసోడా. మగ్గు నీళ్లలో రెండు మూడు చెంచాలు కలిపి, కారిన చోట నెమ్మదిగా పోస్తే బుసబుసమని నురగ వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్. మళ్లీ పోసినప్పుడు నురగ రాకపోతే అక్కడ యాసిడ్ అయిపోయినట్టే. ఆ తర్వాతే నీళ్లతో కడగాలి. సోడా నీళ్లు మాత్రం మూతల సందుల్లోంచి బ్యాటరీ లోపలికి పోకూడదు, లోపల పనిచెయ్యాల్సిన యాసిడ్‌ను కూడా విరిచేస్తాయి.

ఇన్వర్టర్ బ్యాటరీ కింద తాండూరు బండ మీదో, బేతంచెర్ల బండ మీదో తెల్లటి మచ్చ పడటం చాలామంది చూసే ఉంటారు. అవి సున్నపురాళ్లు. కారిన యాసిడ్‌ను ఆ బండే విరిచేస్తూ తన నునుపు పోగొట్టుకుంటుంది. సోడా చేసే పనే అది.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ ఆపి, ఉంగరం, వాచీ తీసేసి, కళ్లద్దాలు, రబ్బరు గ్లవుజులు వేసుకోవాలి. చార్జయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం ఉన్నా చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్ వైరే తీస్తారు. కారు బాడీ అంతా నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పబోయి స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు చిమ్ముతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా, బ్యాటరీ ఉబ్బినా అసలు ముట్టుకోవద్దు. దూరంగా జరిగి మెకానిక్‌ని పిలవండి.

కంట్లో పడితే మాత్రం సోడా జోలికి పోవద్దు. కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నా బ్యాటరీ పగల్లేదు. గీత దాటి డిస్టిల్డ్ వాటర్ పోయడంతో, లోపలి యాసిడ్ నీళ్లు వేడికి వ్యాకోచించి మూతల్లోంచి పొర్లాయి. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 14 వోల్టులు చూపాల్సిన మీటరు 15 దాటుతుంటే తప్పు చార్జింగ్‌ది, కొత్త బ్యాటరీ వేసినా మళ్లీ కారుతుంది. బ్యాటరీ పెట్టె పగిలితే మాత్రం అతుకులు వెయ్యొద్దు. దాన్ని ప్లాస్టిక్ టబ్బులో నిలువుగా పెట్టి, కొత్తది కొనే షాపులోనే ఇచ్చెయ్యండి. లోపలిది సీసం, పిల్లల మెదడుకు విషం. కాబట్టి సీసం కలిసిన ఆ యాసిడ్‌ను మోరీలో ఒంపొద్దు.

ఆ గుడ్డ పేలికల్ని చివరికి సోడా నీళ్ల బకెట్లో వేశాను. రెండు రోజులు ఎండలో ఆరినా, బుసబుసమని పొంగాయి.