వీణకు సాండింగ్ మిషను: అపోహలు - వాస్తవాలు

పాత వీణను బాగుచేయించుకోవడానికి వచ్చేవారు పెట్టె తెరవకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: "మిషను పెట్టరు కదండీ? మిషను తగిలితే నాదం పోతుందట." ఆ భయంలో కొంత నిజం ఉంది గానీ, దానికి వారు చెప్పుకునే కారణం మాత్రం తప్పు. సాండింగ్ మిషను, అంటే ఉప్పు కాగితంతో కర్రను అరగదీసే మిషను, దాని అదురు నాదాన్ని చెడగొట్టదు. చెడగొట్టేది అది తినేసే కర్ర.

అపోహ: మిషను పై పాలిషును మాత్రమే తీస్తుంది.

వాస్తవం: పాలిషు ఎక్కడ ముగిసి పనసకర్ర ఎక్కడ మొదలైందో ఉప్పు కాగితానికి తెలియదు. బొబ్బిలి ఏకాండి వీణలో కుండ (నాదం పలికే గుండ్రని భాగం), దండి (పొడవైన మెడ) ఒకే మొద్దులోంచి చెక్కినవే అయినా, కుండను మూసే పలక వేరు. గుర్రం (పలక మీద తీగలను మోసే దిమ్మె) మీదుగా వచ్చే తీగల కదలికను నాదంగా మార్చడంలో ప్రధాన పాత్ర దానిదే. మందం కొన్ని మిల్లీమీటర్లే ఉండే ఆ పలక మీద 60 లేదా 80 నంబరు గరుకు కాగితంతో మిషనును ఒకేచోట కాసేపు ఆపితే, కంటికి కనబడకపోయినా అరచేతికి తెలిసేంత గుంట పడుతుంది. పలక మరీ పలుచబడితే తీగల ఒత్తిడికి కుంగుతుంది, దానితోపాటే గుర్రం దిగుతుంది, తీగలు మెట్లకు తగిలి జీరపోతాయి. పోయిన మందాన్ని ఏ పాలిషూ తిరిగి తేలేదు.

తల్లిగారి వీణను సోఫాలకు పాలిషు చేసే వడ్రంగికి ఇచ్చిన ఒక పెద్దావిడ ఆ తరువాత మా దగ్గరకు వచ్చారు. వీణ అద్దంలా మెరుస్తోంది, తడితే మాత్రం అట్టపెట్టెలా పలికింది. పలక మార్చక తప్పలేదు. "అమ్మ వీణను నేనే పాడుచేశానా?" అని ఆవిడ పదేపదే అడిగారు. పాడుచేసింది ఆవిడ కాదు. "ఎవరైనా ఒకటే" అని ఆవిడకు సలహా ఇచ్చిన వారు.

అపోహ: గట్టిగా నొక్కితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: ఆర్బిటల్ మిషనుకు, అంటే చిన్న చిన్న సుళ్ళు తిరుగుతూ అరగదీసే మిషనుకు, దాని బరువే చాలు. నొక్కితే సుడిగీతలు పడతాయి, అవి రంగు వేశాకే బయటపడతాయి. గరుకు నుంచి నునుపుకు 120, 180, 220 నంబర్ల కాగితాల వరుస తప్పకుండా వెళ్ళి, చివర చేత్తో కర్ర పోగు వెంబడి రుద్దాలి. మేళం కట్టిన (మెట్లు అమర్చిన) మైనం దగ్గరకు, యాళి (దండి చివరి సింహం లాంటి తల) చెక్కడాల దగ్గరకు మిషనును అసలు తీసుకుపోకూడదు.

అపోహ: పనస పొడి సహజమైనది కనుక హాని చేయదు.

వాస్తవం: కర్ర పొడి మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే ప్రకటించింది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నని పొడి ఆగదు. మా దగ్గర దుమ్ము లాగే గొట్టం తగిలించి, మాస్కు పెట్టుకున్నాకే స్విచ్చు వేస్తాము.