షెల్ ఎస్కేప్ తెరిచేస్తే సరిపోతుందా? లేటెక్ సెట్టింగులపై అపోహలు - వాస్తవాలు

థీసిస్‌లు, పుస్తకాలు లేటెక్‌లో (కోడ్ లాంటి టెక్స్ట్ ఫైలు నుంచి పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) టైప్‌సెట్ చేసి ఇవ్వడం నా పని. కంపైల్ కావడం లేదంటూ, అంటే ఫైలు పీడీఎఫ్‌గా మారడం లేదంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఎవరో చెప్పారని ఏదో ఒక సెట్టింగు మార్చేసి ఉంటారు. ఏది అడ్డుపడిందో కంపైల్ చేసినప్పుడు తయారయ్యే లాగ్ ఫైలులో రాసే ఉంటుంది. ముందు అది చదవండి.

అపోహ: ఎర్రర్ వస్తే షెల్ ఎస్కేప్ (డాక్యుమెంట్ నుంచే కంప్యూటర్ కమాండ్లు నడపనిచ్చే సెట్టింగు) ఆన్ చేసేయాలి. డాక్యుమెంటే కదా, ఏమవుతుంది?

వాస్తవం: పూర్తిగా తెరిస్తే ఆ ఫైలు మీ లాగిన్ మీద ఏ కమాండైనా నడపగలదు. మీ ఫైళ్లు చెరిపేయగలదు, పాస్‌వర్డులు బయటికి పంపగలదు. ఎక్కడినుంచో దించుకున్న టెంప్లేట్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అందుకే లేటెక్‌ను ఇన్‌స్టాల్ చేసుకునే టెక్ లైవ్‌లో 2010 నుంచి డిఫాల్ట్‌గా మధ్యరకం అనుమతే ఉంటుంది. రిఫరెన్సుల జాబితా చేసే బిబ్‌టెక్, పదసూచిక చేసే మేక్‌ఇండెక్స్ లాంటి కొద్ది ప్రోగ్రాములే నడుస్తాయి. చాలా పుస్తకాలకు అది చాలు.

లాగ్‌లో "రన్‌సిస్టమ్" (runsystem) అని వెతకండి. బ్రాకెట్లలో ఉన్నదే డాక్యుమెంట్ నడపబోయిన కమాండ్. పక్కన "డిసేబుల్డ్" (disabled) అని ఉంటే ఆగింది అక్కడే. ఆ కమాండ్ ఏం చేస్తుందో తెలిశాకే నిర్ణయం తీసుకోండి. ప్రోగ్రాం కోడ్‌కు రంగులద్దే మింటెడ్ ప్యాకేజీ పాత వెర్షన్లకు నిజంగానే పూర్తి అనుమతి కావాలి. అప్పుడు కూడా ఆ ఒక్కసారికి కమాండ్ లైన్లో ఇవ్వండి, కాన్ఫిగ్ ఫైలులో శాశ్వతంగా రాసిపెట్టకండి.

అపోహ: షెల్ ఎస్కేప్ ఆపేశాను, ఇక భయం లేదు.

వాస్తవం: 2023లో బయటపడ్డ సీవీఈ-2023-32700 (భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు) లోపం వల్ల, షెల్ ఎస్కేప్ ఆపి ఉన్నా లువాటెక్‌లో (లేటెక్‌ను నడిపే ఇంజన్లలో ఒకటి) కమాండ్లు నడిపించే దారి ఉండేది. 1.04 నుంచి 1.16.1 దాకా వెర్షన్లన్నిటిలో ఆ లోపం ఉంది, 1.17.0లో సరిచేశారు. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని మెషీన్ ఉంటే ఇవాళే చూడండి. ఇంకో సంగతి: ఫైళ్లు చదవడానికి డిఫాల్ట్‌గా అడ్డేమీ లేదు. సర్వర్లో ఇతరుల డాక్యుమెంట్లు కంపైల్ చేస్తుంటే, కంపైల్ నడిపే లాగిన్‌కు అందే ఏ టెక్స్ట్ ఫైలునైనా ఆ డాక్యుమెంట్ పీడీఎఫ్‌లోకి లాక్కోవచ్చు. మిగతా సిస్టమ్‌కు దూరంగా విడిగా ఉంచే కంటైనర్లో పెట్టి నడపండి.

అపోహ: "నాట్ రైటింగ్ టు" అని వస్తే డిస్క్ పర్మిషన్ లేదు, సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపాలి.

వాస్తవం: అదే లైన్ చివర "ఓపెన్‌అవుట్_ఎనీ = పి" అని ఉంటుంది, చూడండి. పై ఫోల్డర్లలోకి, చుక్కతో మొదలయ్యే ఫైళ్లలోకి రాయనివ్వని కాపలా అది. సుడో జోలికి పోకుండా, ప్రాజెక్ట్ ఫోల్డర్లోకి వెళ్లి అక్కడినుంచి కంపైల్ చేయండి.

అపోహ: టెక్స్‌ఎమ్‌ఎఫ్.సీఎన్‌ఎఫ్ (texmf.cnf, టెక్ లైవ్ సెట్టింగుల ఫైలు) మార్చినా పనిచేయడం లేదు, సాఫ్ట్‌వేర్ చెడిపోయింది.

వాస్తవం: ఆ పేరుతో ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లు ఉంటాయి, ముందు దొరికినదాని మాటే చెల్లుతుంది. ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే "కేపీఎస్‌ఈవిచ్" (kpsewhich) కమాండ్‌కు "ఆల్" ఆప్షన్, ఈ ఫైలు పేరు ఇస్తే అన్నీ వరసగా చూపిస్తుంది. టెక్ లైవ్‌తోపాటు వచ్చే డిస్ట్ ఫోల్డర్లో ఉన్నదాన్ని ముట్టుకోకండి, అప్‌డేట్‌లో మీ మార్పు కొట్టుకుపోతుంది.

అపోహ: లువాలేటెక్‌లో (లువాటెక్ మీద నడిచే లేటెక్) తెలుగు వత్తులు విడిపోతే ఫాంట్‌దే తప్పు.

వాస్తవం: ఫాంట్ మార్చేముందు ఫాంట్లను ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో రెండరర్‌గా (అక్షరాలను కూర్చే భాగం) హార్ఫ్‌బజ్, స్క్రిప్టుగా తెలుగు ఇచ్చి చూడండి. చాలాసార్లు "స్త్రీ", "రాష్ట్రం" వెంటనే కుదురుకుంటాయి.