కందకం దాకా వచ్చిన సాయం బిల్లు దాకా రాలేదు

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ తాగునీరిచ్చే వాటర్‌గ్రిడ్ పథకం పైలాన్ ఆవిష్కరించినప్పుడు అందరి చూపూ నీళ్ల మీదే. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన నల్లగొండలో ఇంకో మాట ఎవరి చెవికెక్కుతుంది? అయితే పైపుల కోసం తవ్వే కందకంలోనే ఇంటర్నెట్ ఇచ్చే ఫైబర్ కేబుల్‌కూ ఒక గొట్టం వేయాలన్నది అప్పటి ప్రభుత్వ ఆలోచన. తెలివైన ఆలోచనే. కేబుల్ పనిలో ఎక్కువ డబ్బు మింగేది తవ్వకమే కదా. నల్లాలు బిగించారు. నెట్ మాత్రం చాలా ఊళ్లలో గుమ్మం దాకా రాలేదు.

ఈ కథ అంతకంటే పాతది. పల్లెలకు ఫోన్ చేర్చడానికి కేంద్రం 2002లో యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ పెట్టింది. టెలికం కంపెనీల సవరించిన ఆదాయంలో 5 శాతం దానికే. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. 2011 అక్టోబరులో కేంద్ర కేబినెట్ ఓకే చేసిన పంచాయతీల ఫైబర్ పథకానికి డబ్బు ఈ నిధి నుంచే. దేశంలోని సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు రెండేళ్లలో లైన్ ఇస్తామన్నారు. తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చుకుని, మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది. రెండో దశలో తెలంగాణ తన పని తానే చేసుకుంటానంది.

లైన్ వచ్చినచోట కూడా అది పంచాయతీ ఆఫీసు గోడకున్న నెట్ పెట్టె దగ్గరే ఆగేది. ఆఫీసుకు తాళం పడితే పెట్టె కూడా లోపలే. రోడ్డు పనికొచ్చిన జేసీబీ కేబుల్ తెంపితే మళ్లీ అతికించే దిక్కుండదు. అక్కడి నుంచి పక్క తండాకు లైన్ లాగేదెవరు, నెలనెలా డబ్బు కట్టేదెవరు?

కరోనా వచ్చినప్పుడు ఈ లోటు బయటపడింది. 2020 సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో చెప్పాల్సి వచ్చింది. ఇళ్లలో టీవీ ఉంది, నెట్ లేదు. ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి పోయేది.

బిల్లు సంగతి సూటిగా ఎత్తింది టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్. 2021 ఆగస్టు సిఫారసుల్లో, పల్లెల్లో వైర్ బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్నవాళ్లకు నెల చార్జీలో సగం, గరిష్ఠంగా 200 రూపాయలు నేరుగా ఖాతాలో వేసి చూడండి, ముందు ప్రయోగంగా చేయండి అంది. అది దేశవ్యాప్త పథకం కాలేదు. పైగా బిల్లు మీద 18 శాతం జీఎస్టీ. 399 ప్లాన్ చేతికొచ్చేసరికి 470 దాటుతుంది. ఇవ్వాల్సిన చేత్తోనే వసూలు చేయడమంటే ఇదే.

పక్క రాష్ట్రాలు వేరే దారి చూశాయి. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి 2017లో 149 రూపాయల ప్యాకేజీ తెచ్చింది. కేరళ 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామని 2023లో కేఫాన్ అనే సొంత ఫైబర్ నెట్‌వర్క్ ప్రారంభించింది. చెప్పినంతా జరిగిందా అన్నది వేరే చర్చ. కనీసం ధర గురించి మాట్లాడారు.

మన దగ్గర ఆ మాట 2024 డిసెంబరులో వినిపించింది. రాష్ట్ర ప్రభుత్వ నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. నెలకు 300 రూపాయలకే నెట్ అని, టీవీనే కంప్యూటర్‌లా వాడుకోవచ్చని చెప్పారు. అటు కేంద్రం 2023లో 1.39 లక్షల కోట్లతో భారత్‌నెట్‌ను మళ్లీ కదిలించి, ఊళ్లోని కుర్రాళ్లు, కేబుల్ ఆపరేటర్ల ద్వారా కోటిన్నర ఇళ్లకు కనెక్షన్లు ఇస్తామంటోంది. కేబుల్‌కు, పెట్టెకు, ఆపరేటర్‌కు అన్నిటికీ లెక్క ఉంది. ఉపాధి హామీ కూలితో బతికే ఇంటి నెల బిల్లుకు మాత్రం అందులో పద్దు లేదు.